గ్యాస్ బండకి పెద్దవాడు, గోవాకి పసివాడు

ఏమండీ, మీ ఇంట్లో పదహారుకీ ఇరవైకీ మధ్య మనిషి ఎవరైనా ఉన్నారా? అడగక్కర్లేదు లెండి, ఇల్లు చూస్తేనే తెలిసిపోతుంది. ఛార్జరు ఉండాల్సిన చోట ఉండదు. ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాలన్నీ ఖాళీగా ఉంటాయి, మూతలు మాత్రం బిగించి బుద్ధిగా వరసలో నిలబడి ఉంటాయి. బాత్రూం తలుపు అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయినా పాట ఆగదు. ఉన్నారన్నమాట. అయితే ఇలా రండి, గోడ మీద చెయ్యి ఆనించి కాసేపు మాట్లాడుకుందాం. పొయ్యి మీద పాలేం లేవుగా?

నాకు ఈ వయసువాళ్లంటే మహా సరదా. ఎందుకంటారా? మనందరికీ వయసు ఏడాదికోసారి పెరుగుతుంది. వాళ్లకి గంటగంటకీ మారుతుంది. పొద్దున్నే గ్యాస్ అయిపోతే, "ఇంత పెద్దవాడివయ్యావు, బండ మార్చడం చేతకాదా?" అంటాం. మధ్యాహ్నం స్నేహితులతో గోవా వెళ్తానంటే, "నీకేం తెలుసురా, పసివెధవ్వి" అంటాం. సాయంత్రం చెల్లిని ట్యూషన్ నుంచి తీసుకురావాలంటే మళ్లీ పాతికేళ్లొచ్చేస్తాయి. రాత్రి పదకొండింటికి ఫోను చూస్తుంటే తిన్నగా ఆరో తరగతిలోకి దిగిపోతాడు. ఒక్క రోజులో ఇన్ని పుట్టినరోజులు ఇంకెవరికండీ?

అమ్మాయి సంగతి అడక్కండి. గోవా మాట ఎత్తేంత అమాయకురాలు కాదు అది. విజయవాడలో పుస్తకాల పండగకి వెళ్లొస్తానన్నా నాలుగు ప్రశ్నలు, రెండు ఫోన్ నంబర్లు, ఒక లైవ్ లొకేషను. అదే అమ్మాయి పొద్దున్న బామ్మని ఆసుపత్రికి తీసుకెళ్లి, చీటీ రాయించి, పరీక్షలు చేయించి, మందులు కొని తీసుకొచ్చింది. అప్పుడెవరూ లొకేషను అడగలేదు!

మనమొక్కళ్లమే ఇలా అనుకునేరు. సర్కారువారు మనకి తాతలు. పెద్దరికాన్ని ఒక్కసారి చేతిలో పెట్టరు, ఫ్రిజ్ కొన్నట్టు వాయిదాల మీద ఇస్తారు. పదేళ్లు నిండితే బ్యాంకులో సొంతంగా నడుపుకునే పొదుపు ఖాతా తెరవొచ్చని రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. పద్నాలుగు దాటాక కూలికి వెళ్లొచ్చు, కానీ గనుల్లాంటి ప్రమాదకరమైన పనులకి పద్దెనిమిది దాకా వీల్లేదు. పదహారొస్తే బండి నడపొచ్చు. ఆగండాగండి, అప్పుడే తాళం చెవి ఇచ్చేయకండి. ఏ బండి? గేర్లుండకూడదు, ఇంజను 50 సీసీ దాటకూడదు. అలాంటి పెట్రోలు బండి మన వీధిలో మీరెప్పుడైనా చూశారా? నేనూ చూళ్లేదు. మన ఇళ్ల ముందున్న స్కూటర్లన్నీ నూట పది, నూట పాతిక సీసీలవి. అంటే ఇచ్చినట్టే ఇచ్చి చేతిలో ఏమీ పెట్టలేదన్నమాట.

ఇక్కడ మీ ఎదురింటాయన సంగతి చెప్పాలి. మొన్న ఎంత గర్వంగా చెప్పాడనీ, "మావాడు ఎనిమిదో తరగతి నుంచే బండి నడిపేస్తున్నాడండీ" అని. ఆయనకి తెలియనిదేమిటంటే 2019లో మోటారు వాహనాల చట్టం సవరించారు. పద్దెనిమిది నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే, పిల్లాడి కంటే ముందు పట్టుకునేది బండి ఇచ్చిన పెద్దమనిషిని. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. స్నేహితులందరూ బుల్లెట్ల మీద తిరుగుతుంటే వీడు పాతికేళ్లదాకా వెనక సీటే! ఇది ఆయనకి మీరే చెప్పండి. నేను చెబితే కుళ్లు అనుకుంటాడు.

పద్దెనిమిదొచ్చాక మాత్రం ఆ లైసెన్సు సంబరం చూసి తీరాలి. ముందు ఎల్ఎల్ఆర్. అందులో బోర్డుల బొమ్మలు చూపించి ప్రశ్నలడుగుతారు. నాన్న ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాడు గానీ ఆ బొమ్మల్లో సగానికి అర్థం చెప్పలేడు. ఆ విషయం ఇంట్లో ఆ రాత్రే బయటపడుతుంది. నెల తిరిగాక, ఆరు నెలల లోపు అసలు పరీక్ష. కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వెయ్యాలి. ఊళ్లో ఒంటి చేత్తో బండి నడిపే వీరుడు కాస్తా అక్కడ ఎనిమిది మధ్యలో కాలు ఆన్చేస్తాడు. ఆ కార్డు పోస్టులో ఇంటికొచ్చిన రోజున మాత్రం పర్సులో పెట్టి, తీసి, చూసి, మళ్లీ పెట్టి... చూడముచ్చటగా ఉంటుందండీ. ఆ ఫొటోలో వాడు ఎలా ఉన్నా సరే.

ఫొటో అంటే గుర్తొచ్చింది, ఓటరు కార్డు. లోకంలో ఎంత అందగాడైనా ఆ కార్డులో పోలీసులు వెతుకుతున్నవాడిలాగే ఉంటాడు. సరే, ఈ ఓటు సంగతి మీ కాలేజీ రోజుల్లో ఎలా ఉండేదో గుర్తుందా? ఇరవై ఒకటి నిండితేగానీ ఇచ్చేవారు కాదు. రాజ్యాంగానికి 61వ సవరణ చేసి పద్దెనిమిదికి దించారు, అది 1989 మార్చి 28న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది చివర్లో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. అప్పటి పద్దెనిమిదేళ్లవాళ్లకి ఇప్పుడు యాభై దాటాయి. వాళ్లే ఇప్పుడు, "ఈ కాలం పిల్లలకి బాధ్యత తెలీదండీ" అంటున్నారు. చోద్యం కాకపోతే!

ఇప్పుడైతే పదిహేడు దాటగానే ముందుగానే ఫారం 6 పెట్టుకోవచ్చు. ఒకప్పుడు జనవరి 1కి పద్దెనిమిది నిండాలి, జనవరి 2న పుట్టిన పాపానికి ఏడాదంతా ఆగాలి. ఆ బాధ తీరింది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు, ఈ నాలుగు నెలల ఒకటో తారీఖుల్లో ఏది ముందొస్తే దాని ప్రకారం పేరు ఎక్కుతుంది. ఇక పోలింగు రోజున చూడండి. ఎడమ చూపుడువేలి మీద ఊదారంగు సిరా, ఆ వేలు పైకెత్తి సెల్ఫీ. 1962 నుంచీ మన ఎన్నికలకి ఆ సిరా మైసూరు రంగుల కార్ఖానా నుంచే వస్తోంది. ఎంత తోమినా వారాల తరబడి పోదు. మొదటిసారి ఓటేసినవాళ్లు తోమరు కూడా, ఎక్కువ రోజులుండాలని ఆ వేలికి సబ్బు తగలనివ్వరు.

అంతా బాగానే ఉంది గానీ, దేశానికి ప్రధానిగా ఎవరుండాలో తేల్చడంలో భాగం ఉన్నవాడికి, ఇంట్లో ఈ పూట కూరేమిటో తేల్చడంలో ఓటుందా? దొండకాయ అంటే దొండకాయే.

వాయిదాలు ఇంకా అయిపోలేదండోయ్. సర్పంచిగా నిలబడాలంటే ఇరవై ఒకటి. ఎమ్మెల్యేకీ ఎంపీకీ పాతిక. రాజ్యసభకి ముప్పై. మందు కొనాలంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒకటి, ఈ మాట మీరు వినలేదు, నేను చెప్పలేదు. పెళ్లికి అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి. ఎమ్మెల్యేని ఎంచుకోవడానికి పద్దెనిమిదేళ్ల బుర్ర చాలట, పెళ్లాన్ని ఎంచుకోవడానికి మాత్రం ఇంకో మూడేళ్లు ముదరాలట. న్యాయమే లెండి, ఎమ్మెల్యేతో అయితే అయిదేళ్లేగా!

ఇంతకీ యువత అంటే ఎవరని అడిగితే ఒక్కళ్లూ ఒక్క మాట చెప్పరు. ఐక్యరాజ్యసమితి లెక్కలో పదిహేను నుంచి ఇరవై నాలుగు. మన కేంద్రం 2003లో పదమూడు నుంచి ముప్పై అయిదు అంది, 2014కి వచ్చేసరికి పదిహేను నుంచి ఇరవై తొమ్మిది అంది. అంటే ఒక విధానం మారేసరికి దేశంలో ముప్పై దాటినవాళ్లంతా ఒక్క దెబ్బకి ముసలాళ్లయిపోయారు. పార్టీల లెక్క వేరు. మన సెంటర్లో ఫ్లెక్సీ మీద 'యువనేత' అని వేసిన ఆయనకి మనవడు పుట్టాడు. బారసాలకి మీరు రాలేదు కాబోలు.

ఆడపిల్లల ఆస్తి ముచ్చట ఒకటి చెప్పనివ్వండి, ఇందులో మనం కాలర్ ఎగరెయ్యొచ్చు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా అని దేశమంతటికీ చట్టం వచ్చింది 2005లో. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానికి ఇరవై ఏళ్ల ముందే చేసేసింది. ఎన్టీఆర్ హయాంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకి. అలా సమానమైన పిల్ల, ఆ వాటా ఉన్న ఇంట్లోకి రాత్రి ఎనిమిదిన్నరకి అడుగుపెడితే గుమ్మంలో ఎవరుంటారో మీకు తెలుసు, నాకు తెలుసు. తమ్ముడు పదిన్నరకి వస్తే అన్నం మూతపెట్టి ఉంటుంది. చట్టం గేటు దాకా వచ్చి ఆగిపోతుందండీ, లోపల మన రాజ్యాంగం.

ఆ రాజ్యాంగంలో మొదటి అధికరణం ఏమిటంటే, ఇంటర్‌లో గ్రూపు. "మావాడు ఎంపీసీ తీసుకున్నాడు" అంటాం. వాడు తీసుకున్నాడా? పదో తరగతి పరీక్షలు కాకముందే వాడి సీటుకి అడ్వాన్సు కట్టేశాం! వాడికి తెలిసింది రసీదు చూశాక. రెండేళ్లు హాస్టలు, స్టడీ అవర్లు, వీకెండు టెస్టులు, ఆదివారం క్యూలో నిలబడి ఫోను, అందులో అమ్మ అడిగేవి రెండే, తిన్నావా, ర్యాంకెంత. ఇంత ఇరుకులోనూ ఆ పిల్లలు నవ్వుకునే సందు ఎలా వెతుక్కుంటారో చూడండి, అదీ తమాషా. ఔట్‌పాస్ కోసం వాళ్లు చంపేసిన అమ్మమ్మల లెక్క తీస్తే ఒక్కొక్కడికీ అయిదారుగురు తేలతారు. వార్డెనుకీ తెలుసు. అయినా ప్రతిసారీ, "ఎలా పోయారు నాయనా?" అని అడుగుతాడు. వాడూ ప్రతిసారీ వేరే జబ్బు చెబుతాడు. బైపీసీ పిల్లలైతే లక్షణాలతో సహా.

ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు. ఒరిజినల్స్. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ చేరేటప్పుడు కాలేజీలో ఇచ్చేస్తారు. ఒరిజినల్స్ ఉంచేసుకోకూడదు, చూసి వెనక్కి ఇచ్చేయాలి అని యూజీసీ ఎప్పుడో చెప్పింది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు సర్కారు నుంచి రాలేదని, పిల్లది కాని బాకీకి పిల్ల కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసుకునే కాలేజీలున్నాయి. ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడుతుంటే ఆ పిల్ల ఆఫీసు గది ముందు బెంచీ మీద కూర్చుని ఉంటుంది. సర్కారుకీ కాలేజీకీ మధ్య అప్పు అది. తాకట్టు మాత్రం పిల్ల సర్టిఫికెట్లు. ఇదెక్కడి లెక్కండీ? ఆ పిల్లకి నేను చెప్పేదొకటే. తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాసి, పది రూపాయల రుసుం కట్టి, నా ఫీజు డబ్బు ఎప్పుడు విడుదలైంది, కాకపోతే ఏ బల్ల మీద ఆగింది అని సర్కారువారినే అడగమ్మా అని. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సర్టిఫికెట్ల మాట తర్వాత, ముందు బల్లల మీద దుమ్మన్నా లేస్తుంది.

సరే, కోపం దింపేసుకుందాం. మజ్జిగ తాగుతారా? వద్దా? సరే.

బాధ్యతలు తెలీవంటారు కదా, నవంబరులో మీ ఇంట్లో ఒక దృశ్యం చూడండి. పెన్షనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇవ్వాలి. పూర్వం తాతగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ట్రెజరీకో బ్యాంకుకో వెళ్లి క్యూలో నిలబడేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ అని ఆన్‌లైను పద్ధతి వచ్చింది, ఇప్పుడు ఫోనులో మొహం చూపిస్తే చాలు. చూపించేదెవరు? మనవడు. "తాతా, కదలకు. ఇప్పుడు కళ్లు ఆర్పు. ఒకసారి చాలు తాతా! మళ్లీ ఆర్పకు!" తాతగారు బతికున్నారని భారత ప్రభుత్వానికి హామీ ఇస్తున్నది ఎవరండీ? మొన్న మనం 'నీకేం తెలుసురా' అన్న పసివెధవే. కరెంటు బిల్లు వాడు, రైలు టికెట్టు వాడు, అత్తయ్య ఫోనులో నిండిపోయిన శుభోదయం పూలగుత్తుల్ని చెరిపేసేది వాడు. ఇంటిల్లిపాది ఓటీపీలూ ఆ ఒక్కడి నోట్లోనే ఉంటాయి. అలిగి ఒక్కరోజు ఫోను ముట్టకపోతే ఇంట్లో పాలన ఆగిపోతుంది.

రక్తదానం సంగతీ అంతే. పద్దెనిమిది నిండి, నలభై అయిదు కిలోలుంటే ఇవ్వొచ్చు. మన దగ్గర హీరో పుట్టినరోజు వస్తే థియేటరు ముందు పాలాభిషేకం పక్కనే రక్తదాన శిబిరమూ ఉంటుంది. చిరంజీవి 1998లో బ్లడ్ బ్యాంకు పెట్టాక అభిమానులకి అదో ఆనవాయితీ అయింది. మొదటిసారి ఇచ్చినవాడి ధీమా చూడాలి. మోచేతి మడతలో దూది, చేతిలో ఫ్రూటీ, జేబులో బిస్కెట్లు, మొహంలో యుద్ధం గెలిచిన కళ. ఇంటికెళ్లాక అమ్మ, "అసలే నీ ఒంట్లో రక్తం లేదు" అంటుంది. అమ్మలకి ఆ విషయం ఏ పరీక్షా లేకుండానే ఎలా తెలుస్తుందో!

ఇక అసలు సంగతికొస్తాను. యువజనుల హక్కులూ బాధ్యతలూ చూడాలంటే మీరు ఏ సభకీ వెళ్లక్కర్లేదు. వినాయక చవితికి ముందు నెల రోజులు మన వీధి చివర టీ బడ్డీ దగ్గర నిలబడండి. నాకు ఏడాదిలో అంత ఇష్టమైన కాలం ఇంకోటి లేదు.

మొదట కమిటీ. అధ్యక్షుడికి పదిహేడేళ్లు. కోశాధికారి లెక్కల్లో తప్పి సప్లిమెంటరీ రాసినవాడు, అయినా చందా పుస్తకంలో రూపాయి తేడా రానివ్వడు. అప్పుడు వస్తుంది అసలు చిక్కు. టెంటు వేసేవాడికీ మైకు సెట్టు వాడికీ ఒప్పందం రాయాలి. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు! 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది అసలు ఒప్పందమే కాదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది. లండనులో కూర్చున్న ఆ పెద్దలెవరూ మన టెంటు హౌసు ఓనరుకి ఈ మాట చెప్పలేదు గానీ, ఆయన అనుభవంతోనే గ్రహించాడు. "ఎవరైనా పెద్దాయన చేత సంతకం పెట్టించండిరా" అంటాడు. గౌరవాధ్యక్షుడు అనే పదవి పుట్టింది అందుకే. ఆయన పని ఏడాదికో సంతకం, ఒక శాలువా.

తర్వాత పోలీసు అనుమతి, కరెంటువాళ్ల దగ్గర తాత్కాలిక కనెక్షను. బొమ్మ మట్టిదా, ప్లాస్టరుదా? దీని మీద మూడు రాత్రులు చర్చ. చెరువు గురించి పర్యావరణం ప్రాజెక్టు చేసిన పిల్ల ఒకతి నిలబడి మాట్లాడితే మట్టి గెలిచింది, అయితే ఎత్తు రెండడుగులు తగ్గింది. డీజే పెట్టాలని ఒక వర్గం. రాత్రి పదికి మైకు ఆపాలన్నది 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధన. పదికి ఆపేదైతే డీజే ఎందుకని ఇంకో వర్గం. పక్కవీధివాళ్లది తొమ్మిదడుగులట అని మధ్యలో ఒకడు నిప్పంటిస్తాడు. ఆహా, శాసనసభలో ఇంత బాగా జరగదండీ వాదన. పైగా ఇక్కడ ఎవరూ వాకౌట్ చెయ్యరు, చేస్తే టీ డబ్బులు వాళ్లే ఇవ్వాలి.

ప్రసాదాల రోస్టరు అమ్మాయిలది. ఏ రోజు ఎవరింటి పులిహోర, ఎవరింటి ఉండ్రాళ్లు, ఎవరి శనగల్లో ఉప్పెక్కువ, అంతా రాసి ఉంటుంది. నిమజ్జనం రోజు ట్రాక్టరు మాత్రం అబ్బాయిలది అన్నారు కిందటేడు. ఆ రోస్టరు రాసిన పిల్ల పుస్తకం మూసి, "అయితే తొమ్మిదో రోజు ప్రసాదం కూడా మీరే వండుకోండి" అంది. అంతే! ట్రాక్టరులో చోటొచ్చింది. ముందు వరసలో.

లడ్డూ వేలం చెప్పకపోతే ఎలా? హైదరాబాదు బాలాపూర్ లడ్డూకి 1994లో మొదటిసారి పాడినప్పుడు పలికింది 450 రూపాయలు. ఇప్పుడది లక్షల్లో మాట. మన వీధి లడ్డూ అంత దూరం వెళ్లదు గానీ, పాడేటప్పుడు చెయ్యి ఎత్తిన పెద్దలు డబ్బిచ్చేటప్పుడు కనపడరు. ఆ బాకీలు వసూలు చెయ్యడానికి ఇద్దరు పిల్లలు ఏడాదంతా తిరుగుతారు. మర్యాదగా, నమస్కారం పెట్టి, "అంకుల్, లడ్డూ..." అని. అంత ఓపిక మనకి ఆ వయసులో ఉందా? ఇప్పుడుందా?

అన్నట్టు, చందా పుస్తకం అచ్చయి వచ్చిందట. ఈ ఆదివారం మీ గేటు దగ్గరికొస్తారు. ఎప్పటిలాగే అయిదొందలు రాయించుకుని, "వచ్చేవారం రండి బాబూ" అనకండి. కోశాధికారి పాత పుస్తకంలో మీ పేరు పక్కన పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. నేను చూశాను. ఏం రాశాడంటారా? అబ్బే, చెప్పను. వాడు నన్ను నమ్మి చూపించాడు. మీరు లోపలికెళ్లి ముందు ఆ పర్సు పట్రండి.